పురుగుల సాక్ష్యం

తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ
షోళింగనల్లూరు, చెన్నై

చెరువైనా, ఏరైనా, కాలువైనా దాని ఆరోగ్యాన్ని అందులో బతికే జీవాల్ని బట్టి తేల్చే పద్ధతి ఒకటుంది. దాన్ని జీవ పర్యవేక్షణ అంటారు. నీటి అడుగున ఏ పురుగులున్నాయి, పైన ఏ నాచు పెరుగుతోంది, ఏ చేపలు మిగిలాయి, నిరుడు కనిపించి ఈ ఏడు కనిపించనివి ఏవి అని చూసి, ఆ లెక్కను ఒక స్కోరుగానో తరగతిగానో చెప్పడం దాని పని. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఓపిక, మంచి కళ్ళు, పురుగును పురుగుగా గుర్తుపట్టే చదువు ఉండాలి. షోళింగనల్లూరు చుట్టూ ఉన్న నీళ్ళకు ఈ పరీక్ష ఎందుకు కావాలో, ఎలా చెయ్యాలో, ఎక్కడ పప్పులో కాలేసే ప్రమాదముందో చెప్పడమే ఈ లేఖ పని.

షోళింగనల్లూరుకు వాయవ్యాన పళ్ళికరణై చిత్తడి నేల, తూర్పున బకింగ్‌హాం కాలువ ఉన్నాయి. దక్షిణ శివార్ల చెరువులు పొర్లిన నీళ్ళు చిత్తడిలోకి చేరతాయి. అక్కణ్ణుంచి ఒక్కియం మడువు పట్టుకుని, పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) కిందుగా వచ్చి కాలువలో కలుస్తాయి. కాలువ వాటిని దక్షిణంగా ముట్టుకాడు ఉప్పుటేటికి, కోవళం దగ్గర సముద్రానికి చేరుస్తుంది. చిత్తడిలో 1,247.54 హెక్టార్లకు 2022లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. ఆ చిత్తడి ఒడిలోనే పెరుంగుడి చెత్త డంపూ ఉంది. కాలువ మాత్రం తెలుగువారికి కొత్తది కాదు. 1806 నాటి చిన్న తవ్వకంతో మొదలై, 1877-78 కరువు పనులతో పెరిగి, పెదగంజాం నుంచి నెల్లూరు సీమ, పులికాట్, చెన్నై మీదుగా మరక్కాణం దాకా సాగే ఆ 420 కిలోమీటర్లలో 257 ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లలో కాపురముంటున్న నెల్లూరు వాళ్ళకు ఊళ్ళో చూసిన కాలువే బాల్కనీలోంచి కూడా కనిపిస్తుంది, వాసనే వేరు. తమిళనాడు కార్యాలయానికి వెళ్ళే ఉత్తరం తెలుగులో ఉండటానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

నీటి పరీక్ష అనగానే గుర్తొచ్చేది సీసా. సీసాలో నీళ్ళు పట్టి, పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బీఓడీ (మురుగు కుళ్ళడానికి లాగేసే ఆక్సిజన్), అమ్మోనియా, కోలిఫామ్ బాక్టీరియా లెక్కలు తీస్తారు. ఇవి కావలసినవే, వీటిని మానెయ్యమని ఎవరూ అనరు. కాకపోతే సీసాలోకి వచ్చేది ఆ నిమిషపు నీరు మాత్రమే. అర్ధరాత్రి దాటాక ఒక ట్యాంకరు కాలువ గట్టున ఖాళీ అయిపోతే, మర్నాడు పట్టిన సీసాకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఆక్సిజన్ లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. 30 డిగ్రీల వేడి దగ్గర మంచినీటిలో ఇమిడే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. పచ్చగా నాచు పట్టిన చెరువులో ఎండ కాసే వేళ నాచు వదిలే ఆక్సిజన్‌తో ఆ అంకె అంతకు మించిపోతుంది. పదకొండు గంటలకు మీటరు పెట్టినవారు నీరు బ్రహ్మాండంగా ఉందని రాసుకుని వెళతారు. పొద్దుగూకాక అదే నాచు ఆక్సిజన్ వదలడం మాని, పీల్చుకోవడమే పనిగా పెట్టుకుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి నీటిలో ఆక్సిజన్ దాదాపు మిగలదు. చెరువుల్లో చేపలు మూకుమ్మడిగా తేలేది ఎక్కువగా తెల్లారేసరికే కావడానికి కారణం ఇదే. మీటరు పట్టుకున్న మనిషి ఆ వేళకు నిద్రలో ఉంటాడు. చెరువులో కాపురముండే పురుగు ఆ పదకొండు గంటల్నీ, ఈ నాలుగు గంటల్నీ కూడా చూస్తుంది. బతికి ఉందంటే రెండూ దాటి వచ్చిందన్నమాట.

చట్టం కూడా పురుగు పక్షమే. 1974 నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కాలుష్యానికి ఇచ్చిన నిర్వచనంలో, మనుషుల ఆరోగ్యంతోపాటు జంతువుల, మొక్కల, నీటి జీవుల ప్రాణానికీ ఆరోగ్యానికీ హాని చేసే మార్పు అనే మాట స్పష్టంగా ఉంది. నీటి భౌతిక, రసాయన లక్షణాలతోపాటు జీవ లక్షణాలనూ ఆ నిర్వచనం పేరుపెట్టి చెప్పింది. పర్యావరణ పరిరక్షణ నియమాల కింద ఫ్యాక్టరీలు వదిలే నీటికి పెట్టిన ప్రమాణాల్లో ఒకటి చేపలతో చేసేది. ఏమీ కలపని ఆ వ్యర్థజలంలోనే చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలి. అంటే గొట్టం చివర జీవిని సాక్షిగా పిలవడం ఎప్పటినుంచో ఉన్నదే. గొట్టం నీళ్ళు కలిసే చెరువు దగ్గరికి వచ్చేసరికి ఆ సాక్షిని పక్కకు నెట్టారు. దేశంలో నీటిని వాడకాన్ని బట్టి ఏ నుంచి ఈ దాకా అయిదు తరగతులు చేశారు. అందులో డీ తరగతి వన్యప్రాణులకు, చేపలకు. ఆ తరగతి ఇవ్వడానికి చూసేవి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండటం, ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకపోవడం, విడి అమ్మోనియా 1.2కు మించకపోవడం. చేపలకు పనికొస్తుందని తేల్చడానికి చేపను చూడాలని ఎక్కడా లేదు.

జీవుల్ని చూసి నీటిని తేల్చడం కొత్త విద్యేమీ కాదు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1908లో మొక్కల్నీ, 1909లో జంతువుల్నీ మురుగును తట్టుకునే శక్తిని బట్టి వరసల్లో పెట్టారు. మురుగు నదిలో కలిసిన చోట కొన్ని, కిందికి పోతూ నీరు తేరుకునే కొద్దీ మరికొన్ని కనిపిస్తాయని, ఆ వరస ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటుందని వాళ్ళు చూపించారు. ఇప్పటి పద్ధతులన్నిటికీ మూలం అక్కడే ఉంది. బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన ఒక నిపుణుల బృందం పురుగుల్ని జాతి జాతిగా కాకుండా కుటుంబాలుగా గుర్తిస్తే చాలని, ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు వేసింది. ఆ బృందం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దాన్ని బీఎండబ్ల్యూపీ స్కోరు అంటారు. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన నీటి చట్టంలో నది స్థితిని చెప్పేటప్పుడు నాచు, నీటి మొక్కలు, అడుగు పురుగులు, చేపలే ముందు పీట వేసుకున్నాయి, రసాయనాల లెక్క వాటికి తోడు వస్తుంది.

ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే నమ్మకమైన సాక్షులు నీటి అడుగు పురుగులే. చేప ఈదుకుంటూ పోతుంది, పక్షి ఎగిరిపోతుంది. బురదలోనో రాయి కిందో ఉండే పురుగుకు ఇల్లు విడిచి పోయే దారి లేదు. కొన్ని వారాలు, కొన్ని నెలలు, ఆల్చిప్పలైతే ఏళ్ళ తరబడి అదే చోట ఉంటాయి. వాటిలో ఎవరు ఎలా ఊపిరి పీలుస్తారో చూస్తే చాలు, లెక్క సగం అర్థమవుతుంది. మేఫ్లై పిల్లపురుగుకు పొట్టకు రెండు పక్కలా ఆకుల్లాంటి పలచని మొప్పలుంటాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్ తప్ప దానికి వేరే గతి లేదు. చల్లగా పారే కొండవాగుల్లో రాయి తిప్పితే కనిపించే ఈ పురుగుల్లో, స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో చాలావాటికి 10 మార్కులు. మన దగ్గర మేఫ్లైల మీద ఎక్కువ కృషి చేసినవారిలో మదురైలోని మదురా కాలేజీకి చెందిన కె.జి. శివరామకృష్ణన్ ఒకరు. ఆయన, కె.ఎ. సుబ్రమణియన్ కలిసి రాసిన నీటి పురుగుల పరీక్షా పద్ధతుల పుస్తకాన్ని బెంగళూరులోని ఏట్రీ సంస్థ 2007లో వెలువరించింది.

మురుగులోకి వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ మిగిలేవన్నీ ఊపిరికి ఏదో ఒక సొంత ఏర్పాటు చేసుకున్నవి. కైరోనోమిడ్ ఈగ పిల్లపురుగు ఎర్రగా ఉంటుంది. దాని ఒంట్లో మన నెత్తురులో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంది, దొరికిన కాస్త ఆక్సిజన్‌నూ అది పట్టి ఉంచుతుంది. ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్రపాములాంటి పురుగు తల బురదలో గుచ్చుకుని, తోక పైకి పెట్టి ఊపుతూ ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ తోక ఇంకా పైకి చాస్తుంది. కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగుల ముద్ద ఇదే. మురుగు కాలువల్లో దండిగా పెరిగే దీన్ని పట్టి అమ్ముకునేవాళ్ళకు, ఏ కాలువలో ఎంత మురికో ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు. ఎలుకతోక పురుగు అనదగ్గది మరొకటుంది. అది తోకలాంటి గొట్టాన్ని నీటిపైకి సాచి నేరుగా గాలి పీలుస్తుంది. దోమ పిల్లలూ అంతే. కొన్ని నత్తలకు ఊపిరితిత్తిలాంటి సంచీ ఉంటుంది. మురుగుకాలువలో జీవం లేదనుకోవడం పొరపాటు. చేతికి అంటుకునేంత జీవం ఉంటుంది, అయితే రెండు మూడు రకాలే వేలకు వేలు.

పరీక్ష చేసే తీరు ఇది. గట్టు వార నీళ్ళలోకి దిగి, పిడి ఉన్న వలను అడుగున ఆనించి, దాని ముందు బురదను కాలితో కలిపితే లేచినవన్నీ వలలో పడతాయి. కలుపు మొక్కల వేళ్ళ మధ్య కూడా అలాగే దులపాలి. అరమిల్లీమీటరు జల్లెడలో కడిగి, తెల్లటి ట్రేలో కాసిన్ని నీళ్ళు పోసి వదిలి ఒక నిమిషం ఆగాలి. తొందరపడితే బురద తప్ప ఏమీ కనబడదు. ఆ నిమిషం గడిచాక ట్రే కదలడం మొదలుపెడుతుంది. ఆకు ముక్క అనుకున్నది నడుస్తుంది. ఇసుక రేణువు అనుకున్నది కొమ్ములు చాస్తుంది. ఫైసా నత్త దొరికితే కొన పైకి పెట్టి పట్టుకుని చూడాలి, నోరు ఎడమవైపుకు తెరుచుకుంటుంది. నత్తల్లో చాలావాటికి అది కుడివైపు ఉంటుంది. ఈ ఒక్క గుర్తుతో పదేళ్ళ పిల్లవాడు కూడా ఆ కుటుంబాన్ని పట్టేస్తాడు. తూనీగ పిల్ల దొరికితే మొహం కింద మడిచి పెట్టుకున్న పట్టకారులాంటి పెదవి చూపిస్తుంది. సూదితూనీగ పిల్లకు తోక చివర మూడు ఆకులుంటాయి.

మార్కులు వేయడం అంతకంటే తేలిక. బ్రిటిష్ పట్టికలో ట్యూబిఫెక్స్ బంధువులకు 1, కైరోనోమిడ్లకు 2, ఫైసా నత్తలకు 3, చెరువుల్లో దొరికే చదును జలగల కుటుంబానికి 3. ట్రేలో ఈ నాలుగే ఉన్నాయనుకుంటే సగటు 2.25. అదే ట్రేలో జలగ బదులు బీటిడే అనే మొండి మేఫ్లై కుటుంబం 4 మార్కులతో, సూదితూనీగ 6తో, తూనీగ 8తో వచ్చి చేరితే ఆరు కుటుంబాల సగటు 4 అవుతుంది. ఇలాంటి రెండు మూడు కుటుంబాలు ట్రేలోకి రావడం, రాకపోవడం ఎంత తేడా తెస్తుందో ఇందులో కనిపిస్తుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పద్ధతిని మన దేశానికి తగినట్టు మార్చింది. యమునా నది మీద చేసిన పని అందుకు పునాది. అందులో పైన చెప్పిన స్కోరుతోపాటు రెండో కొలత ఒకటి ఉంది, అది వైవిధ్యం. దాన్ని కొలిచే ఉపాయం ఎంత సులువంటే, లెక్కల మాస్టారు కూడా నవ్వుతాడు. ట్రేలోంచి పురుగుల్ని ఒక్కొక్కటే యాదృచ్ఛికంగా తీస్తూ వరసగా పెట్టాలి. ఇప్పుడు తీసినది ముందు తీసినదాని లాంటిదే అయితే పాత వరస సాగుతుంది, వేరేదైతే కొత్త వరస మొదలవుతుంది. ఇరవై పురుగులు తీస్తే నాలుగే వరసలు వచ్చాయనుకుంటే వైవిధ్యం 4ను 20తో భాగిస్తే వచ్చే 0.2. పన్నెండు వరసలు వస్తే 0.6. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఒకటి మరోదానిలా ఉందా లేదా అనేది తెలిస్తే చాలు. ఈ రెండు కొలతల్నీ కలిపి నీటిని అయిదు తరగతులుగా విభజించారు. స్కోరు 7, ఆపైన ఉంటే శుభ్రం, పటంలో నీలం రంగు. 2కు లోపు ఉండి వైవిధ్యం కూడా అడుగంటితే తీవ్ర కాలుష్యం, ఎరుపు. మధ్యలో స్వల్ప, మధ్యస్థ, భారీ కాలుష్యాలకు లేతనీలం, ఆకుపచ్చ, నారింజ. ఇంత చక్కని పనిముట్టు దేశంలోనే తయారై ఉండగా, పేటల చుట్టూ ఉన్న నీళ్ళకు దాన్ని వాడరు.

పురుగుల తర్వాతి సాక్షి నాచు. దానికి మైక్రోస్కోపు కావాలి. అమెరికా శాస్త్రజ్ఞుడు పామర్ 1969లో సేంద్రియ మురుగును తట్టుకునే ఇరవై నాచు ప్రజాతులకు మార్కులు వేశాడు. యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5, క్లామిడోమోనాస్‌కు 4, సీనెడెస్మస్‌కు 4, క్లోరెల్లా, నావిక్యులా, నిట్జ్‌షియాలకు తలా 3. చుక్క నీటిలో కనిపించినవాటి మార్కులు కూడితే 20 దాటిందా, సేంద్రియ మురుగు గట్టిగా ఉన్నట్టే. అదే 1969లో ఉస్మానియాకు చెందిన వి. వెంకటేశ్వర్లు హైదరాబాదు మూసీనది నాచుల మీద, ముఖ్యంగా కాలుష్యం దృష్టితో చేసిన పరిశోధన హైడ్రోబయాలజియా పత్రికలో వచ్చింది. మూసీ గురించి ఇవాళ ఎవరు మాట్లాడినా నురుగు ఫోటోలు చూపిస్తారు గానీ, యాభై ఏళ్ళకు ముందే ఒక తెలుగువాడు ఆ నదిని నాచుతో చదివాడని గుర్తుచేసేవాళ్ళు తక్కువ. చెన్నైకి ఈ విషయంలో ఇంకా పెద్ద ఆస్తి ఉంది. ఎం.ఓ.పి. అయ్యంగార్ మద్రాసు విశ్వవిద్యాలయంలో నాచు శాస్త్రానికి దేశంలోనే గట్టి పునాది వేశాడు. ఆయన శిష్యుడు టి.వి. దేశికాచారి 1959లో వెలువరించిన నీలి ఆకుపచ్చ నాచుల గ్రంథాన్ని ఇప్పటికీ పక్కన పెట్టుకుని పనిచేస్తారు.

చేపల దగ్గర జాగ్రత్త పడాలి. కొర్రమీను, మార్పు, ఇంగిలీకం నీటిపైకి వచ్చి గాలి మింగగలవు. అవి ఉన్నాయంటే నీరు మంచిదని అర్థం కాదు. తమిళులు జిలేబి అనే తిలాపియా మురికిని బాగా తట్టుకుంటుంది. పెంపకం మీద నిషేధం ఉన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చేపలు పడుతున్నాయి కాబట్టి నీళ్ళు బాగున్నాయనే వాదన వినబడినప్పుడల్లా, ఏ చేపలు అని అడగాలి. పరిగెల్లాంటి చిన్న చేపలు, నీటిలోని ఆక్సిజన్‌నే నమ్ముకున్నవి, ఎన్ని రకాలు మిగిలాయన్నదే లెక్క. అమెరికాలో జేమ్స్ కార్ 1981లో రూపొందించిన చేపల సూచిక కూడా ఈ దారిలోనే నడుస్తుంది. మొత్తం రకాలు, సున్నితమైన రకాలు, ఏది తిని బతికేవి ఎన్ని, జబ్బుపడ్డవి ఎన్ని అని విడివిడిగా చూసి కలుపుతుంది.

పక్షుల మాట ఇంకా నాజూకైనది. పళ్ళికరణైలో రాజహంసలు దిగితే పత్రికలు ఫోటోలు వేస్తాయి, అది సంతోషమే. రామ్‌సర్ గుర్తింపుకు చూసే ప్రమాణాల్లో నీటి పక్షుల సంఖ్య కూడా ఒకటి. కానీ పొడుగుకాళ్ళ ఉల్లంకి మురుగు నీటి గుంటల్లో హాయిగా తిరుగుతుంది, దాని మేత ఆ ఎర్రపురుగులే. పక్షి ఉండటం చిత్తడి ఉందని చెబుతుంది, నీటి లోతు, మేత, చోటు ఉన్నాయని చెబుతుంది. నీటి నాణ్యత గురించి అది ఇచ్చే సాక్ష్యం బలహీనం. ఈ మాట పక్షి ప్రేమికులకు నచ్చకపోవచ్చు.

చెన్నైలో జీవ పర్యవేక్షణ ఒక రూపంలో రోజూ జరుగుతూనే ఉంది, ఆ పేరు పెట్టలేదంతే. కార్పొరేషన్ మలేరియా సిబ్బంది గరిటెలాంటి ముంచుడు పాత్రతో నీళ్ళు ముంచి దోమ పిల్లల్ని వెతుకుతారు. క్యూలెక్స్ మురుగులో, ఈడిస్ పూలకుండీ పళ్ళెంలో, కొబ్బరి చిప్పలో, చెన్నై మలేరియాకు మూలమైన అనాఫిలిస్ స్టీఫెన్సై డాబా మీది ట్యాంకులో, బావిలో గుడ్లు పెడతాయి. ఏ దోమ అని తెలిస్తే ఏ నీరో తెలిసిపోతుంది. ఆ సిబ్బంది ముంచిన ప్రతి గరిటెలో దోమపిల్లతోపాటు తూనీగ పిల్ల ఉందా, నీటి పేడపురుగు ఉందా అనే రెండు గడులు పట్టికలో చేర్చితే, ఖర్చు లేకుండా ఏటా వేల నమూనాలు చేతికొస్తాయి. తూనీగ పిల్ల దోమపిల్లను తింటుంది కాబట్టి ఆ లెక్క వాళ్ళకూ పనికొచ్చేదే.

ఇక్కడే మొదటి చిక్కు కూడా ఉంది. దోమల కోసం నీళ్ళ మీద చల్లే నూనెలు, మందులు దోమల్నే ఎంచుకుని చంపవు. నీటిపైకి వచ్చి గాలి పీల్చే పురుగులన్నిటికీ నూనె పొర ఉరితాడే. మందు చల్లిన మర్నాడు ట్రేలో ఏమీ దొరక్కపోతే తప్పు మురుగుది కాకపోవచ్చు. చల్లిన తేదీలు చేతిలో లేకుండా నమూనా తీయడం దండగ.

రెండోది ఉప్పు. షోళింగనల్లూరు దగ్గర కాలువ కోవళం ముఖద్వారంతో కలిసి ఉంది. ఇసుక మేట తెరుచుకున్నప్పుడు పోటు నీళ్ళు లోపలికి వస్తాయి, మూసుకుంటే రావు. ఉప్పుకలిసిన నీటిలో మేఫ్లైలు, తూనీగల్లో చాలా రకాలు మురుగు లేకపోయినా బతకవు. బ్రిటిష్ మార్కుల పట్టికను అక్కడ గుడ్డిగా వాడితే శుభ్రమైన ఉప్పుటేరుకు కూడా సున్నా వస్తుంది. ఆ చోట్లకు ఉప్పుటేటి పురుగులతో చేసిన సూచికలు కావాలి. 2000లో స్పెయిన్‌లోని బాస్క్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ఏఎంబీఐ అలాంటిది. బురదలోని పురుగుల్ని మురికిని ఓర్చుకునే శక్తిని బట్టి అయిదు గుంపులు చేస్తుంది. క్యాపిటెల్లా అనే ఉప్పునీటి పురుగు అందులో ట్యూబిఫెక్స్‌కు అన్నలాంటిది. నమూనా తీసిన ప్రతిసారీ ఉప్పు శాతం కొలవడం, పోటా ఆటా అని రాయడం మానకూడదు.

మూడోది కాలం. ఈశాన్య రుతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి నీళ్ళు తలకిందులవుతాయి. 2015 వరద, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను లాంటివి అడుగుబురదను ఊడ్చిపారేస్తాయి. ఆ వెంటనే తీసిన నమూనా వరద కథ చెబుతుంది గానీ మురుగు కథ కాదు. చిన్న చెరువులు మే నాటికి ఎండిపోతాయి, అది వాటి జబ్బు కాదు, స్వభావం. అక్టోబరులో ఓఎంఆర్ మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగల్ని చూసి చెరువు బాగుపడిందని మురిసిపోవడం కూడా తొందరపాటే. పంటాలా అనే ఆ తూనీగ సముద్రాలు దాటే వలస జీవి, ఎక్కణ్ణుంచైనా వచ్చి ఉండవచ్చు. జమ్ము కాడల మీద అది వదిలిపోయిన పొట్టు దొరికితేనే ఈ నీళ్ళలో పుట్టినట్టు లెక్క.

నాలుగోదే అసలు చిక్కు. బాగున్న చెరువు ఎలా ఉంటుందో తెలిస్తేనే పాడైన చెరువు ఎంత పాడైందో చెప్పగలం. చెన్నై చెరువుల్లో మనిషి చెయ్యి పడనిది లేదు, అసలు తవ్విందే మనిషి. చెంగల్పట్టు జిల్లా వేడంతాంగల్‌ను కొలబద్దగా తీసుకుందామంటే, వేల పక్షుల రెట్టతో ఆ నీరు సహజంగానే ఎరువు నీరు, రైతులు దాన్ని పొలాలకు అందుకే కోరుకుంటారు. నేపాల్, థాయ్‌లాండ్ తమ నదులకు తగ్గట్టు మార్కుల్ని తిరిగి రాసుకున్నాయి. దక్షిణాఫ్రికాలో పదమూడు గుంపుల పురుగులతో బడిపిల్లలే చేసే మినీసాస్ పద్ధతి నడుస్తోంది. చెంగల్పట్టు, తిరువళ్ళూరు జిల్లాల్లో ఊళ్ళకు దూరంగా, వాననీటితోనే నిండే చెరువులు కొన్ని ఎంచి, రెండు మూడేళ్ళు వాటి పురుగుల్ని లెక్కించి, ఈ ప్రాంతానికి సొంత పట్టిక చేసుకోవడమే దారి. దానికి తోడు ఇంకో ఉపాయముంది. డయాటమ్ అనే నాచుకు గాజులాంటి సిలికా పెంకు ఉంటుంది. చచ్చినా పెంకు బురద పొరల్లో మిగులుతుంది. పళ్ళికరణై అడుగునుంచి గొట్టంతో బురద స్తంభాన్ని పైకి లాగి పొరపొరగా చూస్తే, చెత్త డంపు రాకముందు ఆ నీరు ఎలాంటిదో ఆ పెంకులు చెప్పగలవు.

మనుషుల కొరత లేదు. జువలాజికల్ సర్వే దక్షిణ ప్రాంతీయ కేంద్రం నగరంలోనే ఉంది. ఉప్పునీటి జీవాల మీద పనిచేసే సీబా సంస్థకు ముట్టుకాడులో ప్రయోగ కేంద్రముంది. జాతీయ తీర పరిశోధన కేంద్రం పళ్ళికరణైలోనే, చిత్తడికి నడకదూరంలో ఉంది. చిత్తడి కోసం ఏళ్ళుగా పనిచేసిన కేర్ ఎర్త్ సంస్థ జయశ్రీ వెంకటేశన్‌కు 2025లో రామ్‌సర్ పురస్కారం వచ్చింది. సత్యభామ విశ్వవిద్యాలయం ఇదే రోడ్డు మీద ఉంది, అక్కడి విద్యార్థులకు ట్రే, వల ఇస్తే చాలు.

మొదలుపెట్టడానికి నాలుగు చోట్లు సరిపోతాయి: పెరుంబాక్కం వైపు చిత్తడి అంచు, ఒక్కియం మడువు కాలువలో కలిసే చోటు, షోళింగనల్లూరు నుంచి అక్కరైకి వెళ్ళే వంతెన కింద, ముట్టుకాడు. ఏడాదికి రెండుసార్లు, వానలు వెళ్ళి నీరు కుదురుకున్న జనవరి నెలాఖరులో ఒకసారి, ఎండలకు నీరు తగ్గిన వేసవిలో మరోసారి. ప్రతిచోటా ఒకే వల, ఒకే జల్లెడ, ఒకే నిడివి గట్టు. అదే రోజు, అదే చోట సీసా నీళ్ళు కూడా పట్టి, మీటరును తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెట్టాలి. మండలి వెలువరించే నీటి నాణ్యత నివేదికలో బీఓడీ గడి పక్కన పురుగుల స్కోరు, వైవిధ్యం, వాటి తరగతి రంగు ఇంకో మూడు గడులు కావాలి. రెండూ ఏకీభవించని చోట ఎవరు తప్పో వెతకడం ఆ తర్వాతి పని. సాధారణంగా అక్కడే ట్యాంకరో, రాత్రిపూట తెరిచే గొట్టమో దొరుకుతుంది.

నమూనాల్ని పారేయకూడదు. సీసా నీటిని ఒకసారి పరీక్షించాక మళ్ళీ పరీక్షించే వీలుండదు, మూడో రోజుకే అది వేరే నీరు. పురుగుల్ని మాత్రం 70 శాతం ఆల్కహాలులో వేసి, చోటు, తేదీ, సమయం పెన్సిలుతో రాసిన చీటీని అదే సీసాలో ఉంచి మూత పెడితే, 2050లో ఎవరైనా తీసి మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. చీటీ రాసేది పెన్సిలుతోనే, సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.

ఇట్లు,
షోళింగనల్లూరు నివాసి